వేటయు, వన్యమృగరక్షణయు

చంపుటకు అనుమతి నిచ్చుటవలన ఒక మృగజాతి బ్రతుకునని ఎవరైన చెప్పినచో వినువారికి అది వింతగా తోచును. కొంత కోపమును కూడ కలుగును. ఆఫ్రికాలో ఒక విదేశీయుడు లక్షల డాలర్లు చెల్లించి ఏనుగునో, సింహమునో కాల్చినాడను వార్త అప్పుడప్పుడు పత్రికలలో వచ్చుచుండును. పడియున్న మృగము ప్రక్క అతడు తుపాకితో నిలిచి తీయించుకొన్న ఛాయాచిత్రమును కూడ ప్రకటింతురు. దానిని చూచి మనసు నొచ్చుకొనని వారు తక్కువ. అయినను అట్టి అనుమతి నిచ్చు దేశములలో కొన్ని వన్యమృగములను చక్కగా కాపాడుకొన్నవను పేరు గడించినవి. ఈ రెండును ఎట్లు పొసగును? ఈ వేట నిజముగా మృగములకు మేలు చేయుచున్నదా? లేక ధనవంతుల వినోదమునకు రక్షణ యను ముసుగు వేసినారా? ఈ ప్రశ్నకు ఒక్కమాటలో జవాబు లేదు. అయితే మేలు జరిగిన చోట్లను, కీడు జరిగిన చోట్లను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో వాని నడుమ గల భేదము స్పష్టముగా కనబడును. ఆ భేదమునే ఇచట వివరింపదలచితిమి.

వేట అను ఒక్క మాటతో మనము వేఱువేఱు పనులను పిలుచుచున్నాము. అడవిలో నివసించువాడు కూటి కొఱకు ఉచ్చు పన్ని కుందేలును పట్టుట ఒకటి. దంతము కొఱకో, కొమ్ము కొఱకో, చర్మము కొఱకో చాటుగా వచ్చి ఏనుగును, ఖడ్గమృగమును, పులిని చంపుట ఇంకొకటి. ఇది దొంగవేట. పంటలను పాడుచేయు జంతువులను ప్రభుత్వమే కాల్పించుట మఱియొకటి. 2016లో బీహారునందలి మొకామా ప్రాంతమున రెండువందలకు పైగా మనుబోతులను చంపించినది ఇట్టిదే. ఆ పనికి పిలిపింపబడిన గురికాండ్రు మన హైదరాబాదు నుండి వెళ్లినవారు. ఈ మూడును మన ప్రస్తుత విషయములు కావు. మనము విచారింపవలసినది నాలుగవది. ఈ ఏడు ఇన్ని మృగములకు మించరాదని ప్రభుత్వము సంఖ్య నిర్ణయించును. ఒక్కొక్క మృగమునకు ఒక అనుమతి పత్రమును పెద్ద వెలకు విక్రయింతురు. దానిని కొన్నవాడు స్థానికులైన మార్గదర్శకుల వెంట వచ్చి, సాధారణముగా వయసు మళ్లిన ఒక మగమృగమును కాల్చి, దాని కొమ్ములనో తలనో జ్ఞాపికగా తీసికొని పోవును. దీనిని ట్రోఫీ వేట అందురు. మాంసము చాలచోట్ల ఊరివారికే చెందును.

మృగములు నశించుటకు తుపాకియే కారణమని మనము తలచుచుందుము. తుపాకి ఒక కారణము. అంతకంటె పెద్ద కారణము నేల. అడవిని నఱికి చేను చేసినపుడు, పచ్చికబయలును మందలు మేసి మట్టిగా మిగిల్చినపుడు, ఒక్క తూటా పేలకయే మృగములు పోవును. ఆ నేలపై బ్రదుకువానిని ఈ విషయము అడిగి చూడుడు. ఏనుగు ఒక్క రాత్రిలో అతని ఇంటిల్లిపాది ఏడాది తిండిని త్రొక్కివేయగలదు. సింహము దొడ్డిలోని ఆవును ఈడ్చుకొని పోగలదు. ఆ ఏనుగు ప్రభుత్వమువారిది, ఆ సింహము ప్రభుత్వమువారిది. నష్టము మాత్రము అతనిది. అట్టివాడు దొంగవేటగాని జాడ తెలిసినను నోరు విప్పడు. ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చినదని మనలో సామెత కలదు. అందఱిదియునై ఎవరిదియు కాని సొత్తునకు అదియే గతి. అడవిమృగమునకు కావలియుండు యజమాని ఎవరు? ట్రోఫీ వేటను సమర్థించువారి వాదమంతయు ఈ ప్రశ్న నుండియే పుట్టినది.

దీనికి మనకు సమీపముననే ఒక దృష్టాంతము కలదు. పాకిస్తానులోని బెలూచిస్తానమున తోర్గర్ అను కొండల వరుస ఉన్నది. ఎండిన లోయలు, నిట్టనిలువు రాళ్లు, అక్కడక్కడ జూనిపరు చెట్లు గల ఆ ప్రదేశమున మార్ఖోర్ అను కొండమేకయు, ఉరియల్ అను అడవిగొఱ్ఱెయు తిరుగుచుండును. మార్ఖోరు కొమ్ములు మరచీల వలె మెలికలు తిరిగి పైకి లేచియుండును. ఇది పాకిస్తానునకు జాతీయమృగము. 1979లో ఆఫ్ఘనిస్తానమున యుద్ధము మొదలైన పిమ్మట ఆ సరిహద్దు కొండలలోనికి కొత్తరకపు తుపాకులు వెల్లువగా వచ్చినవి. ఒక్కొక్క గుండును దట్టించి కాల్చు పాత తుపాకుల కాలమున తప్పించుకొన్న మృగములు వీనికి నిలువలేకపోయినవి. 1980ల నడుమకు అచట మిగిలిన మార్ఖోర్లు నూటికి తక్కువ యని అంచనా వేసినారు.

అచటి కాకర్ తెగ పఠానుల నాయకులలో ఒకరైన నవాబు తైమూర్ షా జోగెజాయి ఈ వినాశమును చూచి అమెరికా వన్యమృగశాఖకు చెందిన శాస్త్రజ్ఞుల సలహా కోరెను. వారు చెప్పినది సులభమైన ఉపాయము. తెగవారందఱును వేట మానవలెను. వారిలో వేటయందు ఆఱితేఱినవారినే జీతమిచ్చి కావలికి పెట్టవలెను. ఆ జీతములకు డబ్బు ఎచట నుండి వచ్చును? ఏడాదికి ఒకటి రెండు ముసలి మగమృగములను మాత్రము విదేశపు వేటకాండ్రకు పెద్ద వెలకు అమ్మి సంపాదింపవలెను. వేటకాడే కావలివాడైనందున కొండలో ఏ మూల ఎవడు పొంచియుండునో, ఏ మడుగునకు మృగములు దిగునో అతనికి వేఱుగ నేర్పవలసిన పని లేకపోయెను. 1990ల చివఱకు తోర్గర్ మార్ఖోర్లు వేయికి మించినట్లు గణనలు చూపినవి. 2005 నాటి అంచనా రెండువేలు దాటినది.

ఇట్టి ప్రయత్నములు ఉత్తరమున చిత్రాలు, గిల్గిత్ లోయలలోనికి కూడ వ్యాపించినవి. అపాయమునందున్న జీవజాతుల వర్తకమును నియంత్రించు అంతర్జాతీయ ఒడంబడిక సైటీస్ అను పేరున పిలువబడుచున్నది. ఆ సభవారు 1997లో పాకిస్తాను దేశమంతటికిని కలిపి ఏటికి 6 మార్ఖోర్లకు అనుమతించిరి. 2002లో దానిని 12 చేసిరి. దేశమంతటికిని పండ్రెండే యగుటవలన వాని వెల వేలములో ఏటేట పెరుగుచు వచ్చి, ఇటీవలి సంవత్సరములలో ఒక్కొక్క మృగమునకు రెండులక్షల డాలర్లను మించిన సందర్భములు కలవు. అందులో నూటికి 80 వంతులు మృగము తిరుగు లోయలోని గ్రామములకు చెందవలెనని నియమము. మిగిలిన 20 వంతులు ప్రభుత్వమునకు. బడికి, ఆసుపత్రికి, త్రాగునీటికి ఆ సొమ్మును వినియోగింతురు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘమువారు 2015లో మార్ఖోరును తీవ్రమైన అపాయమునందున్న జాతుల పట్టిక నుండి తీసి, అంతకంటె మెఱుగైన స్థితి గల జాతుల పట్టికలో చేర్చిరి. కొమ్ముమృగముల విషయమున ఇట్టి మార్పు అరుదు.

ఇక ఆఫ్రికాకు వత్తము. ఆ ఖండపు నైఋతిమూలనున్న నమీబియా బహుపాలు ఎడారి. 1990లో స్వాతంత్ర్యము పొందక పూర్వము అది దక్షిణాఫ్రికా ఏలుబడిలో ఉండెను. ఆనాటి 1975 శాసనము ప్రకారము తెల్లదొరలు తమ పొలములలో తిరుగు జింకలు మున్నగువానిపై హక్కు పొందిరి; వానిని అమ్ముకొనవచ్చును, వేటకు ఇయ్యవచ్చును. ఫలితముగా వారి పొలములలో మృగములు పెరిగెను. ఉమ్మడి నేలలలో నివసించు నల్లజాతివారికి మాత్రము ఆ హక్కు లేదు. వారి మందలు మేయు నేలమీదనే మృగములు తిరుగుచున్నను, ఒక్క జింకను కొట్టినచో వారు నేరస్థులగుదురు. 1980ల ఆరంభమున కఱవు వచ్చి, దానికి తోడు దొంగవేట పెచ్చుపెరిగి, వాయవ్యమునందలి కునేనె ప్రాంతమున ఏనుగులు, ఖడ్గమృగములు వేగముగా తగ్గిపోయినవి. అప్పుడు గార్త్ ఓవెన్‌స్మిత్ అను సంరక్షకుడు ఊరిపెద్దలను కలిసికొని, వారు తమలోనుండి ఎన్నుకొన్నవారినే కావలివారినిగా నియమింపజేసెను. ఆ కావలివారు జవాబుదారులైనది ప్రభుత్వమునకు కాదు, తమ పెద్దలకు. దొంగవేట తగ్గుముఖము పట్టినది.

స్వతంత్ర నమీబియా 1996లో చట్టమును సవరించి తెల్లవారికున్న హక్కును ఉమ్మడి నేలవారికిని ఇచ్చెను. అయితే ఉచితముగా ఇయ్యలేదు. కొన్ని షరతులు విధించెను. ఊరివారు తమ హద్దులను ప్రక్కఊరివారితో తగవు లేకుండ తేల్చుకొనవలెను. సభ్యుల పట్టిక వ్రాయవలెను. నిబంధనావళిని ఏర్పఱచుకొని సంఘమును ఎన్నుకొనవలెను. వచ్చు రాబడిని ఎట్లు పంచుకొందురో ముందుగానే చెప్పవలెను. ఇవి అన్నియు సరిపడిన పిదపనే ఆ ప్రదేశమును కన్సర్వెన్సీగా నమోదు చేయుదురు. 1998లో మొదట నాలుగు ఏర్పడినవి. నేడు అవి 86. దేశవిస్తీర్ణములో సుమారు అయిదవ వంతు వాని క్రింద ఉన్నది.

ఆ కన్సర్వెన్సీలలో జరుగు పని మన గ్రామములలోని చెఱువు నీటి పంపకమును తలపించును. కావలివారు నడచినంతమేర తాము చూచిన మృగములను, కనుగొన్న కళేబరములను, ఏనుగు తొక్కిన చేలను ఒక పుస్తకమున ఏనాటికానాడు నమోదు చేయుదురు. వాయవ్యప్రాంతమున ఏటేట ప్రభుత్వోద్యోగులును, ఊరివారును కలిసి బండ్లపై తిరిగి మృగములను లెక్కింతురు. ఆ లెక్కలను బట్టి వేటకు ఎన్ని ఇయ్యవచ్చునో ప్రభుత్వశాఖ నిర్ణయించును. వచ్చిన సొమ్ముతో మొదట కావలివారికి జీతములిత్తురు. మిగిలినది బడికో, బావికో, సభ్యులకు రొక్కముగనో చేరును. మాంసము ఇంటింటికి పంచుదురు. కఱవు కాలమున ఆ మాంసమే రొక్కముకంటె విలువైనది. 1995 ప్రాంతమున దేశమున 7,500 ఉండిన ఏనుగులు నేడు ఇరువదివేలు దాటినవి.

వేటకు మాఱుగా యాత్రికులను రప్పించి ఆ రాబడితోనే మృగములను కాపాడరాదా యను ప్రశ్న న్యాయమైనది. రప్పింపగల చోట్ల రప్పించుచునే ఉన్నారు. కాని యాత్రికునకు మంచి దారి కావలెను, విడిది కావలెను, కంటికింపైన దృశ్యము కావలెను. కన్సర్వెన్సీల 1998 నుండి 2013 వఱకు గల లెక్కలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2016లో ఒక విషయము వెల్లడించిరి. వేటవలన రాబడి సుమారు మూడవ ఏట మొదలగుచున్నది. యాత్రికుల వలన రాబడికి ఆఱేండ్లు పట్టుచున్నది. వేట ఒక్కసారిగా నిలిపివేసినచో పెక్కు కన్సర్వెన్సీలు కావలివారి జీతములనైన ఇచ్చుకొనలేవు. వేటకానికి మేడ అక్కఱలేదు. ఒక్క గుడారము, ఒక్క మార్గదర్శకుడు చాలును. ముండ్లపొదలు తప్ప చూడదగినది లేని నేలకు కూడ అతడు వచ్చును. అయితే 2020లో కోవిడ్ వ్యాధి వలన ప్రయాణములు నిలిచిపోయినపుడు వేటకాండ్రును రాలేదు, యాత్రికులును రాలేదు. ఏ రాబడియైనను పరదేశముపైననే ఆధారపడియుండుట దుర్బలమని అప్పుడు తేలినది.

ముసలి మగమృగమునే కాల్చుట ఏలయను విషయమును కొంచెము వివరింపవలసియున్నది. మేకలు, గొఱ్ఱెలు, జింకలు మున్నగు జాతులలో ఒక మగది పెక్కు ఆడువానికి సరిపోవును. కావున వయసుడిగిన కొద్ది మగవానిని తీసివేసినను పిల్లల సంఖ్య తగ్గదు. నల్ల ఖడ్గమృగముల విషయమున ఇంకొక విశేషము కలదు. ఈనిక శక్తి ఉడిగినను కొన్ని ముసలి మగవి తమ హద్దులను వదలక పడుచు మగవానిని, ఒక్కొక్కప్పుడు ఆడువానిని, కూనలను కూడ పొడిచి చంపును. ఈ కారణము చేతనే 2004లో సైటీస్ సభవారు నమీబియాకును, దక్షిణాఫ్రికాకును ఏటికి అయిదేసి నల్ల ఖడ్గమృగములకు అనుమతించిరి. అట్టి ఒక్క మృగమునకు 2014లో అమెరికాలోని డల్లాసు నగరమున జరిగిన వేలమున మూడులక్షల ఏబదివేల డాలర్లు పలికినవి. ఆనాటి మారకపు లెక్కను అది రెండుకోట్ల రూపాయలు దాటును.

కాని ఈ సూత్రము అన్ని జాతులకును వర్తింపదు. సింహముల సంసారము వేఱు. ఒక మందకు పెద్దయైన మగసింహము చచ్చినచో క్రొత్త మగసింహములు వచ్చి, పాతదాని పిల్లలను చంపివేయును. కావున పడుచు సింహమును ఒక్కదానిని కాల్చుట నాలుగైదు ప్రాణములు తీయుటతో సమానము. అయిదాఱేండ్లు నిండిన మగసింహమునే కాల్చినచో ఈ కీడు కలుగదని 2004లో టాంజానియా సింహములను పరిశీలించిన శాస్త్రజ్ఞులు చూపిరి. వయసు పెరిగిన కొలది సింహపు ముక్కు నల్లబారును. దుర్భిణితో ఆ నలుపును చూచి వయసు ఊహింపవచ్చునని కూడ వారే చెప్పిరి. ఈ నియమమును పాటింపక ఎక్కువ సింహములను కాల్చిన టాంజానియా భాగములలో సింహములు త్వరితముగా తగ్గినట్లు పిమ్మటి పరిశోధనలు తెలిపినవి. కెనడాలోని ఒక కొండపై ముప్పది యేండ్లు కొనసాగిన పరిశీలనయు ఇట్టి హెచ్చరికనే చేయుచున్నది. ఏటేట పెద్దకొమ్ముల పొట్టేళ్లనే ఏరి కాల్చుటవలన, తరములు గడచిన కొలది అచటి పొట్టేళ్ల కొమ్ములే చిన్నవైపోయినవి. విత్తనపు కంకిని తిని తాలును నాటినట్లయినది.

జీవశాస్త్రము సరిగానున్నను మనుష్యుని లోభము పని చెఱుపవచ్చును. దక్షిణాఫ్రికాలో తెల్ల ఖడ్గమృగము 19వ శతాబ్దాంతమున నూటికి లోపునకు దిగజారినది. ఉంఫొలోజి అభయారణ్యమున దానిని కాపాడి, 1960లలో దేశమందలి ఇతర ప్రాంతములకు తరలించిరి. 1968లో సుమారు 1,800 ఉన్నపుడు పరిమితమైన వేటకు అనుమతించిరి. అమ్ముకొను హక్కు, వేటకిచ్చు హక్కు ఉన్నందున భూస్వాములు తమ పొలములలో వానిని పెంచిరి. 2010 తరువాత వాని సంఖ్య ఇరువదివేలకు చేరినది. ఇంతవఱకు మంచి కథయే. అటుపిమ్మట వియత్నామున కొమ్మునకు గిరాకి పెరుగగా, తుపాకి పట్టుటయే ఎఱుగనివారు కొందఱు వేటకాండ్ర వేషమున వచ్చి, అనుమతి పత్రములతోనే కొమ్ములను తీసికొనిపోయి అమ్ముకొనసాగిరి. 2012లో దక్షిణాఫ్రికా ప్రభుత్వము వియత్నాము దేశీయులకు అనుమతులు నిలిపివేసెను. 2014 ఒక్క ఏటనే 1,215 ఖడ్గమృగములు దొంగవేటకు బలియైనవి. వెలగల వస్తువు మృగము ఒంటిపై ఉన్నంతకాలము చట్టపు కాగితము ఒక్కటే కంచె కాజాలదు.

రాబడి దారి తప్పుట ఇంకొక దోషము. జింబాబ్వేలో 1989 నుండి క్యాంప్‌ఫైర్ అను పేర ఇట్టి పథకము నడచుచున్నది. అచట హక్కును గ్రామమునకు కాక జిల్లా మండలులకు ఇచ్చిరి. సొమ్ములో కొంత వంతు క్రిందికి దిగవలెనని నియమమున్నను, కార్యాలయ వ్యయముల పేర చాలభాగము పైననే నిలిచిపోయిన సందర్భములు పెక్కు. చేను పోయిన రైతుచేతికి చిల్లర మాత్రము వచ్చినచో అతనికి ఏనుగుపై ప్రేమ ఏల పుట్టును? నమీబియాలో కావలివాడు ఊరివాడు. జింబాబ్వేలో లెక్కలవాడు జిల్లావాడు. రెండు పథకముల ఫలితములకును గల భేదము చాలవఱకు ఇచటనే ఉన్నది.

వేటను నిషేధించిన దేశముల అనుభవమేమి? కెన్యా 1977లో సమస్తమైన వేటను నిషేధించెను. 1977 మొదలు 2016 వఱకు గల కాలమున అచటి పెద్ద మృగములు నూటికి 68 వంతులు తగ్గినవని 2016లో ప్రకటింపబడిన పరిశోధన తెల్పినది. నిషేధమే దీనికి కారణమనుట సరికాదు. జనసంఖ్య పెరిగినది; పచ్చికబయళ్లకు కంచెలు పడినవి; పశువుల మందలు హెచ్చినవి. ఏనుగుల విషయమున కెన్యా గట్టి కాపలాతో మంచి ఫలితమును కూడ సాధించినది. 1989 ప్రాంతమున ఇరువదివేలకు లోపుగా మిగిలినవి 2021 గణన నాటికి ముప్పదియాఱువేలు దాటినవి. కాని కంచె వేసికొను రైతునకు, జింకను ఉండనిచ్చుటవలన లాభమేదియు లేకపోయెనన్నది నిజము. మసాయి మారా చుట్టుపట్ల ఇటీవల యాత్రికుల సొమ్మును నేల యజమానులకు కౌలుగా చెల్లించుచున్నచోట ఆ కంచెలు తగ్గుచున్నవి. బోట్స్వానా 2014లో వేటను ఆపి, 2019లో మరల అనుమతించెను. లక్షా ముప్పదివేల ఏనుగులు గల ఆ దేశమున, పంటలు పోయిన పల్లెవారి మొఱ దానికొక ముఖ్యకారణము.

మన దేశమున చట్టబద్ధమైన వేట ఎన్నడును లేదని కొందఱు తలచుచుందురు. అది సరికాదు. సంస్థానముల కాలము ముగిసిన పిదప కూడ అటవీశాఖలు షికారు బ్లాకులను అద్దెకిచ్చుచుండెను. విదేశీయులను పులివేటకు తీసికొనివచ్చు కంపెనీలు 1950, 60లలో చక్కగా వ్యాపారము చేసికొన్నవి. డాలర్లు వచ్చినవి, పులులు మాత్రము మిగులలేదు. 1947లో సర్గుజా సమీపమునందలి కొరియా సంస్థానమున మూడు చిరుతపులులవంటి చీతాలు కాల్పబడినవి. 1952లో ఆ జాతి మన దేశమున లేదని ప్రకటింపవలసివచ్చెను. 1970లో పులివేట నిషేధింపబడినది. 1972లో జరిపిన గణనలో 1,827 పులులు మాత్రమే లెక్కకు వచ్చినవి. ఆ ఏటనే వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. మరుసటి ఏట పులుల పరిరక్షణ పథకము మొదలయ్యెను. 2022 నాటి అంచనా 3,682.

ఆనాటి మన వేటకును, తోర్గర్ వేటకును తేడా ఎచట ఉన్నది? రెండును చట్టబద్ధములే; రెంటను పెద్ద సొమ్మే చేతులు మారినది. కాని మన అడవులలో అప్పుడు నమ్మదగిన గణన లేదు. ఎన్ని కాల్చినను మరుసటి ఏటి వేలము ఆగలేదు. అడవి అంచున గల గూడెమువానికి తప్పెట కొట్టి పులిని తోలిన కూలి తప్ప వేఱేమియు అందలేదు. మంచెమీద కూర్చుండినవాడు ఒకడు, డబ్బు తీసికొన్నవాడు ఒకడు, పశువు పోయినవాడు ఇంకొకడు. అందుచేత ఆ వేట పులిని కాపాడలేదు. కాపాడినది నిషేధమే. ఇట్లు చూచినచో మృగమును బ్రతికించునది తుపాకి కాదని తెలియుచున్నది. నిక్కమైన లెక్క, తగుమాత్రపు సంఖ్య, మృగముతో కలసి బ్రదుకువానికి నిజముగా చేరు వాటా అను మూడును ఉన్నచోట వేట హాని చేయలేదు. పైగా కావలికి జీతము పెట్టినది. ఇందులో ఏ ఒక్కటి లోపించినను అది వట్టి చంపుటయే అయినది.

ప్రాణము తీసి ఆనందించుట తగునా యను ధర్మప్రశ్న ఇంతటితో తీఱిపోదు. తగదని నమ్మువారి మాటకు విలువ కలదు. మన దేశపు చట్టమును చాలవఱకు ఆ నమ్మకముననే నిలిచియున్నది. మనము వేటను మరల తెఱువవలెనని మేము చెప్పుట లేదు. కాని వేటను మానినవారు దాని స్థానమున ఏమి ఉంచినారను ప్రశ్న మనకును తగులును. కర్నూలు సీమలోని రోళ్లపాడునే చూడుడు. బట్టమేక పక్షిని కాపాడుటకై 1988లో అచట అభయారణ్యమును నెలకొల్పిరి. రక్షణ దొరుకుటచే కృష్ణజింకలు బాగుగ పెరిగినవి. చుట్టుప్రక్కల చేలలో మేసినవి. రైతులకు అభయారణ్యమన్ననే విసుగు పుట్టినది. పచ్చికనేలలు సాగులోనికి మారిపోయినవి. ఏ పక్షి కొఱకై అదంతయు ఏర్పడినదో ఆ బట్టమేక అచట దాదాపు కనుమఱుగైనది. అచట తుపాకి లేదు, వేటకాడు లేడు. కాని రైతును తనవైపు త్రిప్పుకొను ఏర్పాటును చాలినంతగా లేదు.

చిత్తూరు సీమలో ఏనుగులు చెఱకుతోటలలో పడినపుడును, నల్లమల అంచున పులి ఆవును పట్టినపుడును నష్టపరిహారము ఎంత అనుదానికంటె, ఎన్నాళ్లకు చేతికందినదనునది ముఖ్యము. వారములో అందిన సొమ్ము రైతును మృగమునకు మిత్రునిగా నిలుపును. రెండేండ్లు కార్యాలయముల చుట్టు త్రిప్పించిన సొమ్ము అంతకు రెట్టింపైనను అతని కోపమును చల్లార్చదు. కోపము వచ్చినవాడు కరెంటు తీగను కంచెకు తగిలించును. అట్టి తీగలకు మన రెండు రాష్ట్రములలోను ఏనుగులు, పులులు బలియైనవి.

ఇకముందు పత్రికలో ఒక వేటకాని ఛాయాచిత్రమును చూచినపుడు పాఠకులు నాలుగు ప్రశ్నలు వేసికొందురుగాక. ఆ మృగములను లెక్కించినది ఎవరు? కాల్చవలసిన సంఖ్యను నిర్ణయించినది ఎవరు? సొమ్ములో ఊరికి చేరినది ఎంత? ఆ మృగము లేకున్నచో ఆ నేల ఏమి అయియుండును? వీనికి సరియైన జవాబులున్నచో, మనకు నచ్చకున్నను, ఆ దేశమువారు చేయుచున్నది మృగరక్షణయే. జవాబులు లేనిచో అతడు చెల్లించిన లక్షల డాలర్లును ఆ మృగమును గాని, దాని జాతిని గాని ఆదుకొనవు. మన అభయారణ్యముల విషయమున మొదటి ప్రశ్నను, చివఱి ప్రశ్నను మనము అప్పుడప్పుడు అడుగుచునే ఉన్నాము. మూడవదానిని, అనగా ఊరికి చేరినది ఎంత యనుదానిని, అడవి అంచున నివసించువారు మన పక్షమున అడుగుచున్నారు. వారికి జవాబు చెప్పవలసిన బాధ్యత పట్టణములలో నివసించు మనందఱిది.